ఆగ్నేయంలో పొయ్యి, ఆగ్నేయం నుంచే గాలి: ఒక పెరటి వంటగది కేస్ స్టడీ

పెరట్లో వంటగది కట్టించాలని వచ్చేవాళ్లు ముందుగా ఫోన్‌లో ఫొటోలు చూపిస్తారు. నల్ల గ్రానైటు, స్టీలు తలుపులు, వరసగా నాలుగు బర్నర్లు. కానీ మన తీరప్రాంతంలో ఆ వంటగదిలో రోజూ పొయ్యి వెలుగుతుందా లేదా అన్నది ఆ ఫొటోలో కనపడని వాటి మీద ఆధారపడుతుంది: గాలి ఎటునుంచి వస్తుంది, చేపలు కడిగిన నీళ్లు ఎటు పోతాయి, వండే మనిషి కూర్చుని పనిచేస్తుందా, నిలబడా. ఈ కేసులో డబ్బుకు వెనకాడలేదు, సామానంతా కొత్తదే తెచ్చారు. అయినా ఏడాదిన్నర తిరిగేసరికి అందులో వండటం మానేశారు. ఏది ఎందుకు చెడిందో విడివిడిగా తేల్చగలిగాం కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఇంటివాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొలతలు మార్చలేదు.

నేపథ్యం

నెల్లూరు జిల్లా తీర మండలంలో ఒక ఊరు. ఇంటికి సముద్రం ఆరు కిలోమీటర్ల లోపే. ఉత్తరం ముఖం, ఒకే అంతస్తు, మిద్దె మీద పిట్టగోడ. దక్షిణాన పెరడు. తూర్పు, దక్షిణ ప్రహరీలు మూడడుగుల ఎత్తే, అవతల వరి మళ్లు. అంటే ఆ రెండు వైపుల నుంచీ గాలికి అడ్డు లేదు.

ఇంట్లో ఉండేది ముగ్గురు: పెద్దావిడ, కొడుకు, కోడలు. సంక్రాంతికీ వేసవి సెలవులకూ పాతికమంది దాకా చేరతారు. వారంలో రెండు మూడు రోజులు చేపలో, రొయ్యలో ఉంటాయి. పెద్దావిడ చేపల పులుసు మట్టి చట్టిలో, కట్టెల పొయ్యి మీదే పెడుతుంది. లోపలి వంటింట్లో నీచు వాసన పోదని, పండక్కి పెద్ద గిన్నెలు పట్టవని బయట వంటగది కట్టించుకున్నారు. కారణం సబబైనదే.

కట్టింది ఆగ్నేయ మూలలో, 14 అడుగులు పొడవు, 10 అడుగులు వెడల్పు. ఏడడుగుల ఎత్తున జింకు రేకు. తూర్పు ప్రహరీకి ఆనించి మూడడుగుల ఎత్తు అరుగు, దానిమీద పాలిష్ పెట్టిన నల్ల గ్రానైటు. ఆ అరుగు మీదే ఒక పక్క గ్యాస్ పొయ్యి, పక్కనే ఇటుకలతో కట్టెల పొయ్యి. కింద స్టీలు తలుపుల అరలు, వాటిలో సిలిండర్. నిలబడి కడుక్కునే స్టీలు సింకు. కట్టెల పొయ్యికి నాలుగంగుళాల పొగగొట్టం.

వచ్చిన ఫిర్యాదు

మధ్యాహ్నం గ్యాస్ మంట ఆరిపోతోంది, ఆరకపోయినా అన్నం ఉడకడానికి రెట్టింపు సేపు పడుతోంది. కట్టెల పొయ్యి వెలిగిస్తే పొగ తిన్నగా భోజనాల గదిలోకి వస్తోంది. స్టీలు తలుపులు తుప్పు పట్టాయి. గ్రానైటు పొయ్యి దగ్గర పగిలింది. సింకు కంపు కొడుతోంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫానుకు తూర్పు అంచు రేకులు రెండు లేచిపోయాయి.

వాళ్లు అడిగింది రెండే: హోటళ్లలో వాడే హై ప్రెషర్ బట్టీ పొయ్యి ఒకటి, పొగ లాగేందుకు కరెంటు చిమ్నీ ఒకటి పెట్టివ్వమని.

రెండూ వద్దన్నాం. హై ప్రెషర్ పొయ్యిలో మంట పెద్దదే, కానీ గాలి ఆ మంటను కూడా గిన్నె కింద నుంచి పక్కకు తోసేస్తుంది. గ్యాసు ఎక్కువ కాలుతుంది తప్ప గిన్నెకు చేరే వేడి ఆ లెక్కన పెరగదు. పైగా ఆ మంట ఒకేచోట గట్టిగా తగులుతుంది, మట్టి చట్టి చిట్లుతుంది, పులుసు అడుగంటుతుంది. ఇక కరెంటు చిమ్నీ పనిచేయాలంటే పొగ నిలువుగా దాని నోటి దాకా లేవాలి. మూసిన గదిలో లేస్తుంది. పక్కగాలి కొట్టే చోట జానెడు లేచేలోపే పక్కకు పోతుంది. ఉప్పుగాలికి మోటారు ఎన్నాళ్లు ఆగుతుందన్నది ఆ తర్వాతి మాట.

ముందు చేసిన పని

మిగతావన్నీ ఆలోచించి చేయాల్సినవి, ఒకటి మాత్రం ఆగేది కాదు. సిలిండర్ మూసిన అరలో ఉంది, తలుపుకు కంతలు లేవు, పక్కనే సింకు గొట్టం నేలలోకి దిగే రంధ్రం. రెండు రబ్బరు ట్యూబులను మధ్యలో అతికి పొయ్యికి కలిపారు. వంటగ్యాసు గాలికంటే సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నేలమట్టాన పేరుకుంటుంది, కాలువలోకి దిగుతుంది. పక్కన కట్టెల నిప్పు ఉంది. మంట ఆరిపోయే పొయ్యికి ఇలాంటి అర తోడైతే ప్రమాదం రెట్టింపు: మంట ఆరినా గ్యాసు వస్తూనే ఉంటుంది, వండే మనిషి గమనించేలోపు కింద నిండుతుంది.

సిలిండర్‌ను అదే రోజు బయటికి తీయించాం. అతుకు ట్యూబు తీసేసి, ఐఎస్‌ఐ మార్కు ఉన్న ఒకటిన్నర మీటరు సురక్షా హోస్ ఒక్కటే పెట్టించాం. ట్యూబు మీద ముద్రించిన సంవత్సరం చూసుకుని అయిదేళ్లకు మార్చాలని చెప్పాం.

ఏం జరుగుతోందో చూడటం

పొయ్యి ఎత్తులో నాలుగు కర్రలు పాతి, వాటికి పలచటి గుడ్డ పేలికలు కట్టాం. అగరొత్తుల కట్ట వెలిగించి పొగ ఎటు పోతుందో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూశాం. అప్పుడు ఏప్రిల్.

మన తీరంలో గాలి నడక ఊళ్లో అందరికీ తెలిసిందే, కానీ వంటగది ప్లాను గీసేటప్పుడు దాన్ని ఎవరూ కాగితం మీద పెట్టరు. వేసవిలో పగటి గాలి ఎక్కువగా దక్షిణం, ఆగ్నేయం నుంచి వస్తుంది, మధ్యాహ్నానికి సముద్రపు గాలి దానికి తోడవుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పొద్దున పడమటి గాలి, పొద్దు వాలేకొద్దీ మళ్లీ సముద్రపు గాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం, నెల్లూరుకు అసలు వానలు అప్పుడే. ఈ ఇంట్లో పెద్ద వంటలు ఏప్రిల్, మే నెలల్లో, అదీ మధ్యాహ్నం భోజనానికి. సరిగ్గా ఆ వేళకు ఆగ్నేయపు గాలి వంటగది మీదుగా వాయవ్యానికి పోతుంది. అక్కడ తొమ్మిది అడుగుల దూరంలో భోజనాల గది కిటికీ.

పేలికలు ఇంకో సంగతి చూపించాయి. ప్రహరీ మూడడుగులు, అరుగు మూడడుగులు. రెండింటి తలా ఒకే ఎత్తు. మళ్ల మీదుగా వచ్చిన గాలి గోడకు తగిలి, దాని తలమీద ఒరుసుకుంటూ దాటుతుంది, అక్కడే జోరు ఎక్కువ. బర్నర్ సరిగ్గా అక్కడ ఉంది. అరుగు కిందికి కట్టిన పేలిక మెల్లగా ఊగుతుంటే, బర్నర్ పక్కది బల్లపరుపుగా పడుకుని రెపరెపలాడింది. పొయ్యి కంపెనీలో లోపం లేదని అక్కడ తేలిపోయింది.

ఆగ్నేయం గురించి

తేలికైన పరిష్కారం వంటగదిని పెరడు నైరుతి వైపుకు జరపడం. ఆ మాట ఎత్తగానే పెద్దావిడ, "పొయ్యి ఆగ్నేయంలోంచి కదిలించేది లేదు నాయనా, ఇంకేమన్నా చెయ్యి" అన్నారు. ఇలాంటి చోట చాలామంది వాస్తు మీద వాదన పెట్టుకుంటారు. అది వృథా. ఆ వంటగదిలో ఎక్కువసేపు ఉండేది ఆవిడ, ఆవిడకు ఇష్టంలేని చోట ఎంత బాగా కట్టినా అది సామాన్ల గది అవుతుంది. పైగా జూన్ తర్వాతి పడమటి గాలికి నైరుతి మూల పొగంతా మళ్లీ పెరడు నిండా పరుచుకునేది. మూల మారకూడదన్నది షరతుగా తీసుకుని, ఆ మూల లోపల ఏది ఎక్కడ ఉండాలో మార్చాం.

పనికిరానివి

గ్యాస్ మంట కోసం ఇంటివాళ్లు అప్పటికే పొయ్యికి మూడు వైపులా రేకు అడ్డం పెట్టి చూశారు. మంట ఆరడం తగ్గింది, కానీ పసుపు రంగుకు తిరిగింది, గిన్నెల అడుగున మసి పట్టింది. కారణం రెండు. దగ్గరగా మూసేసరికి బర్నర్‌కు అందే గాలి చాలలేదు. రెండోది, గట్టి అడ్డును దాటిన గాలి దాని వెనక సుడి తిరుగుతుంది. ఆ సుడి మంటను వెనక్కి, నాబ్‌ల వైపుకు లాగింది. నాబ్‌లు పట్టుకోలేనంత వేడెక్కాయి, ట్యూబు బిగించే చోటా అదే వేడి. రేకు తీసేయించి, అదే చోట ప్రహరీ మీద వెదురు తడిక కట్టించి చూశాం. తడిక సందుల్లోంచి కొంత గాలి వచ్చింది, సుడి పోయింది, మంట నీలంగా నిలిచింది. గాలిని పూర్తిగా ఆపకూడదు, జల్లెడ పట్టి వదలాలి. సగానికి కాస్త తక్కువ ఖాళీ ఉన్న అడ్డు, మూసిన గోడకంటే బాగా పనిచేస్తుంది.

పొగగొట్టానికి మాకు తెలిసిన లెక్క ఒకటి ఉంది: గొట్టం తల కప్పు దాటి కనీసం మూడడుగులు ఉండాలి, చుట్టూ పది అడుగుల లోపు ఉన్న దేనికన్నా రెండడుగులు ఎత్తుండాలి. పాతది తొమ్మిది అడుగుల ఎత్తున ఆగిపోయింది, పక్కన పిట్టగోడ తల పదమూడున్నర అడుగులు. అందుకని ముందు కట్టెల పొయ్యిని మూడడుగులు దక్షిణానికి జరిపి, ఇంటికి పన్నెండు అడుగుల దూరం చేసి, తాత్కాలికంగా పన్నెండు అడుగుల ఎత్తు గొట్టం నిలబెట్టి మండించాం. లెక్క ప్రకారం చాలాలి. పొద్దున్నే బాగా లాగింది. మధ్యాహ్నం గాలి లేవగానే పొగ పొయ్యి నోట్లోంచి వెనక్కి వచ్చింది. ఇంటి గోడకు గాలి కొట్టుకుని అక్కడ ఒత్తిడి పెరుగుతుంది, గొట్టం తల ఆ ఒత్తిడి లోపలే ఉంది. పది అడుగుల లెక్క సాధారణ పరిస్థితికి. గాలికి ఎదురుగా ఎత్తు గోడ ఉన్నప్పుడు, గొట్టం దానికి ముందు వైపున ఉన్నప్పుడు, ఆ దూరాన్ని నమ్ముకోకూడదు.

పనిచేసినవి

గ్యాసు, కట్టెలు రెండింటినీ విడదీయడమే మిగతా నిర్ణయాలకు దారి చూపింది. అప్పటిదాకా ఒకే అరుగు మీద రెండూ ఉండటంతో ఎత్తు ఏదీ కుదరలేదు. కోడలు అయిదడుగుల మనిషి. మూడడుగుల అరుగు, దానిమీద పొయ్యి, దానిమీద పెద్ద గిన్నె అంటే గరిటె తిప్పడానికి భుజం లేపాలి. గ్యాస్ పొయ్యి ఉండే భాగాన్ని 28 అంగుళాలకు దించాం, కూరలు తరుక్కునే భాగం 32 అంగుళాలు. 28 కన్నా ఇంకా దించవచ్చు కదా అని అడిగారు. పొయ్యి ఎప్పుడూ సిలిండర్ తలకన్నా ఎత్తున ఉండాలి, ఇంటి సిలిండర్ రెండడుగులకు పైమాటే. అందుకే అక్కడ ఆగాం. పాతిక మంది వంటకు పెద్ద గిన్నె కట్టెల పొయ్యికే ఇచ్చాం, దానికి 18 అంగుళాల దిమ్మె. పక్కన ముక్కాలిపీట వేసుకుంటే పెద్దావిడ మోకాళ్లు పూర్తిగా ముడవకుండా కూర్చోగలదు.

సిలిండర్‌ను ఉత్తరం గోడ బయట, నేలమట్టాన, కట్టెల పొయ్యికి పది అడుగుల దూరంలో, మధ్యలో ఇటుక గోడ ఉండేలా పెట్టాం. పైన చిన్న చూరు, చుట్టూ కమ్మీల తలుపు, కింద అంతా ఖాళీ. గోడలోంచి రబ్బరు ట్యూబు తీసుకుపోకూడదు, లోపల నలిగినా కనపడదు. గోడ దాటేది రాగి గొట్టం, గొట్టం నుంచి పొయ్యికి మాత్రం పొట్టి హోస్. పొయ్యి కొత్తది కొన్నది ఒక్క కారణానికే: మంట ఆరితే గ్యాసు ఆపేసే ఏర్పాటు ఉన్నది కావాలి. బర్నర్ పక్కన చిన్న లోహపు కడ్డీ ఉంటుంది, అది వేడిగా ఉన్నంతసేపే వాల్వు తెరుచుకుని ఉంటుంది. బయట వాడే పొయ్యికి ఇది లేకుండా ఒప్పుకోకండి. బర్నర్లు ఎన్ని, పైన గాజా స్టీలా అన్నవన్నీ దాని తర్వాతే.

గాలికి తడిక చెప్పిన పాఠాన్నే ఇటుకలో కట్టాం. తూర్పున ఎనిమిది అడుగులు, మూల తిరిగి దక్షిణాన నాలుగు అడుగులు, ప్రహరీ మీద ఇంకో రెండున్నర అడుగుల జాలీ. ఇటుకకూ ఇటుకకూ మధ్య నాలుగున్నర అంగుళాల సందు వదిలితే గోడ ముఖంలో మూడో వంతు ఖాళీ వస్తుంది. ఇంకా ఎక్కువ వదిలితే గాలికి మంచిదే, కానీ పై ఇటుకకు రెండు పక్కలా పట్టు చాలదు. తుఫాను ప్రాంతంలో అది కుదరదు. ప్రతి అయిదడుగులకూ కమ్మీ వేసిన చిన్న స్తంభం. బర్నర్‌కూ జాలీకీ మధ్య రెండున్నర అడుగుల ఎడం ఉంచాం.

పొగగొట్టం ఆరంగుళాలు, పదహారు అడుగుల ఎత్తు, అంటే పిట్టగోడకన్నా రెండున్నర అడుగులు పైకి. నాలుగు నుంచి ఆరంగుళాలకు పోతే పొగ పోయే దారి రెండుంపావు రెట్లు పెరుగుతుంది. ఇటుక చిమ్నీ చవక, కానీ అంత ఎత్తున సన్నగా నిలబడిన ఇటుక తుఫానులో ఇంటిమీదే పడుతుంది. జింకు గొట్టాన్ని లోపల పొగ, బయట ఉప్పు రెండు వైపులా తినేస్తాయి. 304 రకం స్టెయిన్‌లెస్ గొట్టం పెట్టి, మూడు వైపులా తీగలు లాగి బిగించాం. రేకును దాటే చోట చుట్టూ రెండంగుళాల ఎడం, దానిమీద కాలరు. అడుగున మసి తీసే చిన్న తలుపు. అదే మధ్యాహ్నపు గాలిలో వెలిగించి చూస్తే పొగ పిట్టగోడ పైనుంచి దాటిపోయింది, పొయ్యి నోట్లో మంట లోపలికి వాలింది. అలా వాలితే గొట్టం లాగుతున్నట్టు.

కట్టెల పొయ్యికి లోపల వేడిని తట్టుకునే ఫైర్ బ్రిక్, అతుక్కి సిమెంటు కాకుండా అలాంటి మట్టే అయిన ఫైర్ క్లే, అతుకులు రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండా. సిమెంటు అతుకు వేడికి పొడిపొడిగా రాలుతుంది, పాత పొయ్యి అలాగే విడిపోయింది. ఫైర్ బ్రిక్ వెనక మూడంగుళాల మందాన ఊక కలిపిన బంకమట్టి, దాని బయట మామూలు ఇటుక. నోరు ఏడంగుళాల వెడల్పు, కట్టెలు నేలమీద కాక మూడంగుళాల ఎత్తు కమ్మీల మీద. చట్టికీ పొయ్యి గోడకూ మధ్య అరంగుళం సందు: తగ్గితే పొగ ఊపిరాడక వెనక్కి వస్తుంది, పెరిగితే వేడి చట్టిని తాకకుండా గొట్టంలోకి పోతుంది. గ్రానైటు పగిలింది దీనివల్లే: వేడెక్కిన పొయ్యి వ్యాకోచించి, ఖాళీ లేక పలకను తోసింది. ఈసారి రాయికీ పొయ్యికీ మధ్య పది మిల్లీమీటర్ల సందు వదిలి సిరామిక్ తాడు కూరాం. కట్టిన వారం రోజులు చిన్న పుల్లల మంటతో మెల్లగా ఆరబెట్టమన్నాం. తడి పొయ్యిలో మొదటిరోజే పెద్ద మంట వేస్తే లోపలి నీరు ఆవిరై పగలగొడుతుంది.

కట్టెలకు మన వైపు సరుగుడు దండిగా దొరుకుతుంది, బాగా ఎండితే శుభ్రంగా మండుతుంది. చిల్లచెట్టు (సర్కారు తుమ్మ) కట్టె నిప్పు ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. ఏదైనా ఈశాన్య వానలకు ముందే కొని, నేలకు అరడుగు ఎత్తున, రెండు పక్కలా గాలి ఆడేలా పేర్చుకోవాలి. పొగ ఎక్కువైందన్న ఫిర్యాదులు నవంబరులో వస్తే ముందు కట్టెలు చూడాలి, గొట్టం తర్వాత.

చేపల రాయి

ఈ కేసులో ముఖ్యమైనది ఇదే అనుకుంటాను. అంత ఖర్చు పెట్టి వేసిన సింకులో ఒక్క చేప కూడా కడగలేదు. పని ఎక్కడ జరుగుతోందో చూస్తే పెరటి కుళాయి పక్కన, మట్టిలో పడి ఉన్న పగిలిన బండ ముక్క మీద. కొరమేనునూ బొమ్మిడాయినీ ఉప్పు, బూడిద చల్లి గరుకు రాయి మీద అదిమి రుద్దితే తప్ప జిగురు పోదు. పీట వేసుకుని, కత్తిపీట కాలితో తొక్కిపట్టి, రెండు చేతులా చేప పట్టుకుని కోస్తారు. నున్నటి స్టీలు తొట్టిలో, నిలబడి, ఇందులో ఏ ఒక్కటీ జరగదు. సింకు కంపుకు కారణం కూడా అదే: వాడకపోవడంతో గొట్టం వంపులో నిలిచి వాసనను ఆపే నీటి మూత ఎండిపోయి కాలువ వాసన పైకి వచ్చింది.

దక్షిణపు చివర నేలలో రెండడుగులు, మూడడుగుల కొలతతో పాలిష్ లేని కడప బండ దించాం. నేలమట్టానికి ఒకటిన్నర అంగుళాలు లోతు, పొడవునా ఒక అంగుళం వాలు. చివర సన్న జాలీ బుట్ట, పొలుసులన్నీ అందులోనే ఆగాలి, చేత్తో ఎత్తి పారేయొచ్చు. తర్వాత రెండంగుళాల నీటి మూత ఉన్న ట్రాపు, దాని తర్వాత అడుగున్నర చదరం, రెండడుగుల లోతు ఉన్న రెండు గదుల తొట్టి. మొదటి గదిలో నూనె తేలుతుంది, మడ్డి అడుగున దిగుతుంది, మధ్య నీళ్లే రెండో గదిలోకి పోతాయి. కుళాయి నేలకు 14 అంగుళాల ఎత్తున, కూర్చున్న చేతికి అందేలా. పక్కనే పీటకు చదునైన చోటు, కాకులూ పిల్లులూ దూరకుండా మూత ఉన్న బకెట్టుకు ఒక మూల.

తొట్టి దాటిన నీళ్లు అరటి పాదులోకి వదలాలని వాళ్ల కోరిక. అరటి ఉప్పును ఓర్వదు, ఈ నీళ్లలో రాళ్ల ఉప్పు ఉంటుంది. అందుకని కొబ్బరి చెట్టు పాదులోకి మళ్లించాం, బోరుకు దూరంగా, పల్లపు వైపు.

లోహం, రాయి, కప్పు

తుప్పు పట్టిన తలుపులు 202 రకం స్టీలు. చూడటానికి 304 లాగే ఉంటుంది, అయస్కాంతం రెండింటికీ అంటుకోదు, కాబట్టి దుకాణంలో అయస్కాంతం పెట్టి చూపించే పరీక్షకు అర్థం లేదు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. ఉప్పుగాలికి 316 ఇంకా మెరుగు, అందులో మాలిబ్డినం ఉంటుంది. అన్నీ 316లో కొనడం దండగ. బోల్టులు, కీళ్లు 316, సింకూ గొట్టమూ 304, తలుపులు అసలు లేవు. కడప బండ అరలు, ముందు ఖాళీ. గాలి ఆడితే తేమ నిలవదు, బొద్దింక దాక్కోదు. 304 మీద కూడా గోధుమరంగు మచ్చలు వస్తాయి, వారానికోసారి మంచినీళ్లతో కడిగి తుడిస్తే చాలు. ఇనుప పీచుతో రుద్దితే ఆ పీచు రవ్వలే అతుక్కుని తుప్పు పడతాయి.

చీమకుర్తి నల్ల గ్రానైటు మన పక్క జిల్లాలోనే దొరికే మేలైన రాయి, పగలని ముక్కలను కూరల అరుగుకు మళ్లీ వాడాం. కానీ ఎండ తగిలే అంచున నల్ల రాయి చెయ్యి పెట్టనివ్వదు, అక్కడ లేత బూడిదరంగు రాయి వేశాం.

కప్పుకు అసలు సమస్య వేడికన్నా గాలి. గాలి ఒత్తిడి లెక్కలకు వాడే ఐఎస్ 875 మూడో భాగంలో నెల్లూరుకు వేసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. నాలుగు వైపులా తెరిచిన షెడ్డులో గాలి కింద దూరి పైకి ఎత్తుతుంది, అంచుల్లో, మూలల్లో ఆ లాగుడు మరీ ఎక్కువ. పాత రేకులకు అంచుల్లోనూ మధ్యలోనూ ఒకే దూరంలో మేకులు కొట్టారు, అందుకే అంచులే లేచాయి. కొత్త రేకు లేత రంగుది, తూర్పున ఎనిమిది అడుగుల ఎత్తు, పడమర పది అడుగులు, వేడి గాలి ఎత్తు వైపు నుంచి పోతుంది. తూర్పున రెండున్నర అడుగుల చూరు. స్క్రూలు మధ్యలో రెండు మడతలకు ఒకటి, అంచుల్లో ప్రతి మడతకూ. స్తంభాలను లేవకుండా పట్టుకునేది కింద ఉన్న కాంక్రీటు బరువే: ఒక్కోదానికి రెండడుగుల చదరం, రెండున్నర అడుగుల లోతు దిమ్మె, నాలుగు బోల్టులు. వెల్డింగులన్నీ పూర్తయ్యాకే వేడి జింకులో ముంచాలి. పూత తర్వాత వెల్డు చేస్తే తుప్పు సరిగ్గా ఆ చోటే మొదలవుతుంది.

కరెంటు గురించి క్లుప్తంగా: ఈ షెడ్డుకు వేరే లైను, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి), నాలుగడుగుల ఎత్తున నీరు చొరని మూత ఉన్న ప్లగ్గులు, సరైన ఎర్తు. తడి నేలమీద కాళ్లు పెట్టి మిక్సీ తిప్పే చోట వీటిలో ఏదీ తగ్గించకూడదు. దీపం గిన్నెకు నేరుగా పైన కాక పక్కన, పసుపు రంగుది. వానాకాలం ఉసిళ్లు దీపం కిందే రాలతాయి. ఫ్యాను పొయ్యి మీద కాదు, కూర్చునే చోట.

తర్వాత

ఒక వేసవి, ఒక ఈశాన్య వానాకాలం గడిచాక వెళ్లి చూశాం. గ్యాస్ మంట మధ్యాహ్నం నిలుస్తోంది. భోజనాల గది కిటికీ తెరిచే ఉంచుతున్నారు. చేపల రాయి వాడకంలో ఉంది. పాత స్టీలు సింకు అంట్లకు పనికొస్తోంది.

రెండు లోపాలు మిగిలాయి. ఈశాన్యపు వాన ఏటవాలుగా కొట్టినప్పుడు కట్టెల పొయ్యి ముందు తడుస్తోంది. చూరు ఇంకా పెంచితే తుఫానుకు అదే తెరచాప అవుతుంది కాబట్టి, ఆ రోజులకు చుట్టి పెట్టుకునే టార్పాలిన్ తెర ఇచ్చాం, గాలి హెచ్చరిక వస్తే దాన్ని విప్పేయాలి. రెండోది, జాలీ సందుల్లో మసీ సాలెగూళ్లూ పేరుకుని గాలి దారి మూసుకుపోతోంది. చీపురుతో దులిపితే పోతుంది, కానీ ఎవరో గుర్తుపెట్టుకుని చేయాలి.

ఇలాంటి పని చేపట్టే తోటివాళ్లకు రెండు మాటలు. గాలిని ఒక్క పొద్దున చూసి అంచనా వేయకండి. ఆ ఇంట్లో పెద్ద వంట ఏ నెలలో, ఏ వేళకు ఉంటుందో అడిగి, ఆ వేళకే పేలికలు కట్టి చూడండి. చూడలేని నెలల గురించి పక్క పొలం రైతును అడిగితే ఖచ్చితంగా చెబుతాడు. ఇక కొలతలు తీసుకునేముందు ఒక పూట వాళ్లు చేప శుభ్రం చేసేది, పిండి రుబ్బేది, గిన్నెలు తోమేది ఎక్కడో, ఎలాగో పక్కన నిలబడి చూడండి. అడిగితే అందరూ సింకే కావాలంటారు.

ఆ ఇంటి గోడమీద అంటించి వచ్చిన కాగితంలో ఉన్నవి ఇవి: పొలుసుల బుట్ట వాడిన ప్రతిసారీ, నూనె తొట్టి పదిహేను రోజులకోసారి, పొగగొట్టం మసి రెండు నెలలకోసారి, స్టీలు వారానికోసారి మంచినీళ్లతో, గ్యాసు అతుకులు సిలిండర్ మార్చిన ప్రతిసారీ సబ్బు నురగతో, తీగల బిగువు, రేకు స్క్రూలు ఏటా సెప్టెంబరులో, ఈశాన్యం తిరగకముందే.